వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు

సహ్యాద్రి శిఖరాలలో పుట్టిన కృష్ణానది తెలుగునేలపై అడుగిడిన తరువాత గద్వాల, వనపర్తి సీమలను ఒరసికొని ప్రవహిస్తుంది. బీచుపల్లి ఆంజనేయస్వామి సన్నిధిని దాటి, తుంగభద్రను తనలో కలుపుకొని, నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిల మీదుగా నల్లమల లోయలలో ప్రవేశిస్తుంది. అక్కడ ఒక ఒడ్డున అమ్రాబాదు పీఠభూమి, మరొక ఒడ్డున శ్రీశైల శిఖరం ఉన్నాయి. ఈ అడవులే చెంచుల పుట్టినిల్లు. నల్లమలను దాటిన కృష్ణ మైదానంలోకి దిగి చింతపల్లి, అమరావతి గ్రామాలను తాకుతూ సముద్రం వైపు సాగిపోతుంది. నదికి ఎగువన చెంచుల అడవి, దిగువన జమీందారుల కోట. ఈ రెండింటి నడుమ రెండు శతాబ్దాలకు పూర్వం ఒక ఘోరం జరిగింది. ఆ ఘోరానికి కారకుడై, దానివల్లనే మారిన మనిషిగా లోకంలో నిలిచినవాడు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు.

కత్తి పట్టి ప్రాణాలు తీసినవాడు ఒకనాడు ఆ కత్తిని విడిచి కొత్త మార్గం తొక్కడం అన్ని దేశాల సాహిత్యాలకూ ప్రియమైన ఇతివృత్తం. కిరాతుడు వాల్మీకి మహర్షి అయిన గాథ భారతీయులందరికీ పరిచితమే. మనుషుల వేళ్లను దండగా ధరించిన అంగుళిమాలుడు బుద్ధుని సన్నిధిలో భిక్షువయ్యాడు. జపాను దేశంలోనూ ఇటువంటి గాథలకు ఎంతో ఆదరణ ఉంది. 1994లో బొమ్మల కథగా వెలువడటం మొదలై, 2012లో చలనచిత్రంగా రూపొందిన రురౌని కెన్షిన్ అందులో ఒకటి. ఆ కథలోని నాయకుడు ఒకప్పుడు ఎందరినో సంహరించిన ఖడ్గవీరుడు. తరువాత ఇక ఎవరినీ చంపరాదని వ్రతం పట్టి, పదును తనవైపే ఉండే వింత కత్తిని ధరించి దేశసంచారం చేస్తాడు. కథలలో ఇటువంటి మార్పు ఒక్క క్షణంలో జరుగుతుంది. నిజజీవితంలో ఆ క్షణం తరువాత కూడా మనిషి చాలాకాలం బ్రతకవలసి ఉంటుంది. ఆ మిగిలిన కాలాన్ని అతడు ఎట్లా గడిపాడు, తాను చేసిన తప్పు ఎవరిని గాయపరచిందో వారికి ఏమి దక్కింది అన్న ప్రశ్నలకు చరిత్రే సమాధానం చెప్పాలి. వేంకటాద్రి నాయుని జీవితం ఆ ప్రశ్నలను గట్టిగా లేవనెత్తుతుంది.

వేంకటాద్రి నాయుడు 1761లో వాసిరెడ్డి వంశంలో జన్మించాడు. కృష్ణాతీరంలోని చింతపల్లి ఆ వంశంవారి రాజధాని. వారి జమీలో వందలాది గ్రామాలుండేవి. వేంకటాద్రి తన 22వ యేట, అనగా 1783లో, జమీ పగ్గాలను చేపట్టాడు. ఏనుగులు, గుర్రాలు, కాల్బలం, కోట, కొలువు అన్నీ ఉన్న సంపన్నమైన సంస్థానం ఆయన చేతికి వచ్చింది. ఆయన పేరుతోపాటు చెప్పుకొనే బిరుదులలో మన్నె సుల్తాన్ ఒకటి. మన్నె అంటే కొండసీమ. కొండసీమకు ప్రభువునన్న బిరుదును ధరించిన రాజు కొండలలో పుట్టిన ప్రజలకే మృత్యువు కావడం ఆయన చరిత్రలోని విషాదం.

అది తెలుగుదేశంలో ఏలికలు మారుతున్న కాలం. కృష్ణకు ఉత్తరాన ఉన్న సర్కారులు 1766 నాటికే నైజాము నుంచి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించాయి. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ పాలనలోకి వచ్చింది. జమీందారులు కంపెనీకి పేష్కష్ చెల్లించాలి. ఆ సొమ్ము గ్రామాల నుంచి వసూలు కావాలి. గ్రామాలలో పంటలు పండి, సంతలు సాగి, బాటలు నిర్భయంగా ఉంటేనే వసూళ్లు జరుగుతాయి. బాటలపై దోపిడి జరిగినా, పశువుల మందలు మాయమైనా, పొలాలు బీడువడినా రైతుతోపాటు జమీందారుకూ నష్టమే. ఇట్టి స్థితిలో అడవి అంచుల గ్రామాలపై చెంచులు దాడులు చేస్తున్నారన్న ఫిర్యాదులు చింతపల్లి కొలువుకు చేరసాగాయి.

చెంచులు వేటాడి, గడ్డలు తవ్వి, తేనె తీసి జీవించే ఆదిమజాతి. అడవిలో దొరికినది ఏనాటికానాడు పంచుకొని తినడం వారి జీవనవిధానం. ధాన్యం రాశులుపోసి దాచుకోవడం వారికి అలవాటు లేదు. శ్రీశైలానికి వెళ్లే యాత్రికులకు దారి చూపి, రక్షణ కల్పించి, అందుకు ప్రతిఫలంగా కొంత రుసుము పుచ్చుకొనే హక్కు వారికి పూర్వం ఉండేది. శ్రీశైల మల్లికార్జునుడు వారికి చెంచు మల్లయ్య. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని చేపట్టి తమ ఇంటి అల్లుడైనాడని వారు నమ్ముతారు. నేటికీ చైత్రపౌర్ణమి వేళ నల్లమలలోని సలేశ్వరం జాతరలో లింగమయ్యకు పూజలు చేసేవారు చెంచులే. 1940 ప్రాంతంలో అమ్రాబాదు పీఠభూమిలో వారి నడుమ నివసించి పరిశోధన చేసిన హైమండార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథం వల్ల ఈ జాతి జీవితం ప్రపంచానికి తెలిసింది. వేంకటాద్రి నాయుని నాటికి అటువంటి తెలివిడి పాలకులకు లేదు. వారి దృష్టిలో అడవిమనిషి అంటే పన్ను కట్టనివాడు, మాట విననివాడు, ఒకచోట నిలువనివాడు. ఆకలితో పల్లెపై పడినవానికీ, దోపిడినే వృత్తిగా పెట్టుకొన్నవానికీ మధ్య తేడా తెలిసికొనే ఓపిక కొలువులకు ఉండేది కాదు.

చెంచులను అణచడానికి వేంకటాద్రి నాయుడు ఎన్నుకొన్న ఉపాయం యుద్ధం కాదు, విందు. తమతో సంధి కుదుర్చుకొనడానికి రాజు పిలిచాడని నమ్మి చెంచులు వచ్చారు. అట్లా వచ్చిన సుమారు 150 మంది పురుషులను బంధించి, వరుసగా నిలిపి, ఒకరి తరువాత ఒకరిగా తలలు నరికించాడని గుంటూరు ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకొంటున్నారు. అమరావతి సమీపంలోని నరుకుళ్ళపాడు అన్న ఊరికి ఆ పేరు ఈ దారుణం వల్లనే వచ్చిందని ప్రతీతి. రణరంగంలో ఆయుధం పట్టిన శత్రువును ఎదిరించి చంపడం క్షాత్రధర్మమని పూర్వులు భావించారు. ఆయుధం విడిచినవానిని, శరణన్నవానిని, అతిథిగా వచ్చినవానిని చంపడాన్ని ఏ ధర్మశాస్త్రమూ అంగీకరించలేదు. భారతంలో నిద్రిస్తున్నవారిని సంహరించిన అశ్వత్థామ మహావీరుడై ఉండి కూడా శాపగ్రస్తుడై అడవులపాలైనాడు. అన్నానికి పిలిచి ప్రాణం తీయడం అంతకన్నా తక్కువ పాపం కాదు. ఈ నిజాన్ని వేంకటాద్రి నాయునికి మరొకరు చెప్పవలసిన అవసరం లేకపోయింది.

దాడులు ఆగిపోయాయి కాని రాజు మనస్సు కుదుటపడలేదు. భోజనానికి కూర్చుంటే విస్తరిలోని అన్నం పురుగులుగా కనిపించేదని, ఎన్నిమార్లు మార్చి వడ్డించినా అదే దృశ్యం ఎదురయ్యేదని, దానితో ఆయన అన్నం ముట్టలేని స్థితికి చేరాడని జనశ్రుతి. ఈ కథను అద్భుతంగా కాక మనోధర్మంగా చూస్తే అందులోని సత్యం బోధపడుతుంది. నేరం ఏ ద్వారం గుండా జరిగిందో శిక్ష ఆ ద్వారం గుండానే వచ్చింది. విందు పేరుతో మోసం చేసినవానికి విందే విషమైంది. ఎదురుగా ఉన్న ప్రతి మెతుకూ ఆనాటి పంక్తిని గుర్తుచేసి ఉంటుంది. శత్రువును గెలవగల బలం, ధనం, అధికారం అన్నీ ఉన్న వ్యక్తి తన విస్తరి ముందు ఓడిపోయాడు.

చేసిన పాపాన్ని దాచక వెల్లడించడం, పరితపించడం, తపస్సు, స్వాధ్యాయం, దానం అన్నవి పాపవిమోచనానికి మార్గాలని ధర్మశాస్త్రకారులు చెప్పారు. పండితుల ఉపదేశం మేరకు వేంకటాద్రి నాయుడు పంచారామాలలో ఒకటైన అమరావతిలోని అమరేశ్వరుని శరణువేడి, తక్కిన జీవితాన్ని ఆ స్వామి సేవకు అంకితం చేశాడని ఆ ప్రాంతపు ప్రజలు చెబుతారు. 1796లో ఆయన చింతపల్లిని వీడి అమరావతికి నివాసం మార్చాడు. దీనికి రాజకీయకారణం కూడా ఒకటి ఉంది. చింతపల్లిలో కంపెనీవారి ఒత్తిడి పెరుగుతుండటంతో ఆయన అక్కడ ఇమడలేకపోయాడు. 1802లో వచ్చిన శాశ్వత శిస్తు నిర్ణయంతో జమీందారులు సొంత బలగాలతో శాంతిభద్రతలు నడిపే కాలం ముగిసింది. కాబట్టి ఆయన చేతిలోని కత్తిని సగం పశ్చాత్తాపం దించితే, సగం కాలం దించిందని చెప్పవచ్చు. అయినా కాలం కత్తులు దించిన జమీందారులందరూ ఆయనవలె మారలేదు. ఆటపాటలలో, వ్యాజ్యాలలో, అప్పులలో మునిగిపోయినవారు ఎందరో ఉన్నారు. చేతికి పని లేనపుడు ఆ చేతిని దేనికి వినియోగించాలన్నది మనిషి స్వయంగా తేల్చుకోవలసిన విషయం.

అమరావతి అప్పటికి ఒక చిన్న గ్రామం. శాతవాహనుల రాజధానిగా వెలిగిన ధాన్యకటకపు వైభవమంతా మట్టిలో కలిసిపోయింది. వేంకటాద్రి నాయుడు అక్కడ విశాలమైన వీథులు తీర్పించి, వివిధ ప్రాంతాల నుంచి పండితులను, వర్తకులను, వృత్తిపనివారిని రప్పించి ఇళ్లు కట్టించి పట్టణాన్ని నిలబెట్టాడు. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించాడు. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు 1515లో తులాపురుష దానం చేసింది ఆ అమరేశ్వరుని సన్నిధిలోనే. వేంకటాద్రి నాయుడూ తులాభారాలు తూగి ఆ ధనాన్ని దానం చేశాడని ప్రసిద్ధి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు కృష్ణ ఎగువ తీరంలో పండితపోషణకు పేరు పొందినట్లే, దిగువ తీరంలో అమరావతి ఆస్థానం కవిపండితులకు నెలవైంది. శ్రీదేవీభాగవతాన్ని తెలుగు చేసిన ములుగు పాపయారాధ్యుడు ఆ ఆస్థానంతో సంబంధం ఉన్న కవి.

ఆయన నిర్మించిన ఆలయాలలో రెండు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. మొదటిది చేబ్రోలులోని చతుర్ముఖ బ్రహ్మాలయం. బ్రహ్మకు గుడులు మన దేశంలో అరుదు. కోనేటి నడుమ నిలిచిన ఈ గుడిలో లింగానికి నాలుగువైపులా బ్రహ్మ రూపాలు దర్శనమిస్తాయి. ప్రాణాలు తీసిన రాజు ప్రాణులను సృష్టించే దేవునికి గుడి కట్టించాడు. రెండవది మంగళగిరిలోని లక్ష్మీనరసింహాలయపు తూర్పు గాలిగోపురం. 1807లో ప్రారంభమై 1809లో పూర్తయిన ఈ గోపురానికి 11 అంతస్తులు ఉన్నాయి. ఎత్తు 153 అడుగులు. గోపురం కట్టిన తరువాత ఒకవైపు ఒరిగిందని, కాంచీపురం నుంచి వచ్చిన స్థపతుల సలహాపై ఎదురుగా కోనేరు తవ్వించగా తిరిగి నిలదొక్కుకొన్నదని స్థానికులు చెప్పుకొంటారు. ఆ గోపురం నేటికీ చాలా దూరం నుంచి యాత్రికులకు కనిపిస్తుంది. చెంచులు తమ ఇంటి అల్లునిగా భావించే నరసింహుడే మంగళగిరిలో వెలసిన దేవుడు. వారు చెంచు మల్లయ్యగా కొలిచే శివుడే అమరావతిలోని దేవుడు. ఏ జనం రక్తం తన చేతులకంటిందో ఆ జనం దేవుళ్ల పాదాలనే వేంకటాద్రి నాయుడు ఆశ్రయించాడు. ఇది తెలిసి జరిగినా తెలియక జరిగినా ఆలోచింపదగిన విషయం.

అయితే మంచి సంకల్పం కూడా తెలియనితనం వల్ల హాని చేయగలదని అమరావతి నిర్మాణం నిరూపించింది. ఊరి పక్కన దీపాలదిన్నె అని పిలిచే పెద్ద మట్టిదిబ్బ ఉండేది. పట్టణానికి కావలసిన ఇటుకలు, రాళ్ల కోసం పనివారు దానిని తవ్వారు. లోపల నుంచి అందమైన శిల్పాలు చెక్కిన తెల్లని పాలరాతి వంటి పలకలు బయటపడ్డాయి. అది అశోకుని కాలం నాటికే రూపుదిద్దుకొని, శాతవాహనుల కాలంలో శిల్పసంపదతో వెలిగిన బౌద్ధ మహాచైత్యం. ఆ విషయం నాడు ఎవరికీ తెలియదు. పలకలు మెట్లకు, గోడలకు చేరాయి. కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయాయి. దిబ్బ నడుమ తవ్విన గుంత శివగంగ అనే చెరువైంది. ఈ వార్త విని కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో అమరావతికి వచ్చి ఆ శిల్పాలను చూశాడు. 1816లో మరల వచ్చి, తన సిబ్బందితో వివరమైన చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ జరిపించిన తవ్వకాలలో దొరికిన శిల్పాలలో అనేకం తరువాత లండనులోని బ్రిటిషు మ్యూజియానికి చేరాయి. చెన్నై మ్యూజియంలోనూ ఎన్నో ఉన్నాయి. హింసకు ప్రాయశ్చిత్తంగా కట్టిన పట్టణం కోసం అహింసను బోధించిన మహాత్ముని స్మారకం శిథిలం కావడం చరిత్రలోని వైపరీత్యం. ఆ తవ్వకమే లేకపోతే ఆ చైత్యం సంగతి లోకానికి అంత త్వరగా తెలిసేది కాదన్నదీ సత్యమే.

వేంకటాద్రి నాయునికి ఔరస సంతానం లేదు. ఆయన జగన్నాథబాబు, రామనాథబాబు అనే ఇరువురిని దత్తత చేసికొన్నాడు. 1816లో ఆయన 55వ యేట మరణించాడు. వెంటనే దత్తపుత్రుల నడుమ వారసత్వ వివాదం చెలరేగింది. మొదటి దత్తుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లుతుందా అన్నది న్యాయస్థానాల ముందుకు వచ్చిన ప్రశ్న. ఆ వ్యాజ్యం ఇంగ్లండులోని ప్రీవీకౌన్సిల్ దాకా సాగి, 1846లో రెండవ దత్తత చెల్లదన్న తీర్పుతో ముగిసింది. హిందూ దత్తత న్యాయాన్ని చదివేవారు నేటికీ ఆ తీర్పును అధ్యయనం చేస్తారు. ముప్పై యేండ్ల వ్యాజ్యంలో జమీ వైభవం కరిగిపోయింది. కత్తితో కాపాడుకొన్న గ్రామాలు కాగితాల మీద చేజారాయి. గుడులు, గోపురాలు, దానాల కీర్తి మాత్రం మిగిలాయి. గుంటూరు సమీపంలోని నంబూరులో ఒక విద్యాసంస్థకు ఆయన పేరు పెట్టారు.

వేంకటాద్రి నాయుని జీవితాన్ని కళింగ యుద్ధానంతరం మారిన అశోకుని జీవితంతో పోల్చడం సహజం. క్రీస్తుపూర్వం 261లో జరిగిన ఆ యుద్ధాన్ని గురించి అశోకుడు తన పదమూడవ శిలాశాసనంలో పరితాపాన్ని ప్రకటించాడు. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై ఉన్న ధర్మశాసనాలలో అది కూడా ఉంది. ఆ శాసనంలో ఒక విశేషం కనిపిస్తుంది. యుద్ధానికి చింతించిన ఆ చక్రవర్తి అందులోనే అటవీజనులను హెచ్చరించాడు. తాను పశ్చాత్తప్తుడనైనా తనకు శిక్షించే శక్తి ఉన్నదని వారికి గుర్తుచేశాడు. నగరవాసుల బాధకు కరిగిన హృదయం అడవిజనుల విషయంలో కొంత బిగిసే ఉంది. రెండు వేల యేండ్ల తరువాత వేంకటాద్రి నాయుని కథలోనూ ఆ అడవిజనులే ఎదురుపడతారు.

ఈ జీవితంలో గ్రహింపదగినవి రెండు ఉన్నాయి. మొదటిది, వేంకటాద్రి నాయుడు తన తప్పును ఒప్పుగా చాటుకోలేదు. శత్రువులను నిర్మూలించిన వీరునిగా బిరుదులు తగిలించుకొని సుఖంగా జీవించే అవకాశం ఆయనకు ఉండేది. ఆనాటి జమీందారులలో అటువంటి పనికి తప్పుపట్టేవారు కూడా తక్కువే. అయినా ఆయన అంతరాత్మ ఆయనను విడువలేదు. ప్రజలు ఆయనను విజేతగా కాక పశ్చాత్తప్తునిగా జ్ఞాపకం ఉంచుకొన్నారు. ఒక పాలకునికి ఇది చిన్న గౌరవం కాదు. పరితపించగలగడం మనిషికి మాత్రమే ఉన్న శక్తి.

రెండవది, పశ్చాత్తాపం వేరు, ప్రాయశ్చిత్తం వేరు, పరిహారం వేరు. మొదటిది మనస్సుకు సంబంధించినది. రెండవది దైవానికి సంబంధించినది. మూడవది నష్టపోయినవానికి చేరవలసినది. వేంకటాద్రి నాయునికి మొదటిది కలిగింది. రెండవదానిని ఆయన అపారమైన ధనంతో, దీక్షతో నెరవేర్చాడు. ఆయన కట్టించిన గోపురపు ఎత్తు 153 అడుగులని అందరికీ తెలుసు. నరుకుళ్ళపాడులో నేలకొరిగిన ఆ 150 మందిలో ఒక్కరి పేరైనా లోకానికి అందలేదు. వారి భార్యలు, పిల్లలు ఆ రాత్రి ఎవరికోసం ఎదురుచూశారో ఏ గ్రంథమూ చెప్పదు. ఆయన కీర్తిగాథలలో ఆలయాలు, అగ్రహారాలు, తులాభారాలు వినిపిస్తాయి. అడవి గూడేలకు చేరిన అన్నం గురించిన మాట వినిపించదు.

కాబట్టి ఈ చరిత్రను చదివేవారు గోపురాన్ని చూసి రాజును మెచ్చుకోవడంతో ఆగిపోరాదు. నరుకుళ్ళపాడు తలపుతో రాజును నిందించడంతోనూ ఆగిపోరాదు. తప్పు చేసినవాడు మారగలడని మొదటి దృశ్యం చెబుతుంది. మారినవాని చేయి తాను గాయపరచినవాని ఇంటిదాకా చేరినపుడే ఆ మార్పు సంపూర్ణమవుతుందని రెండవ దృశ్యం చెబుతుంది. నల్లమల లోయలలో చెంచు పెంటల పక్కగా ప్రవహించిన నీరే దిగువన అమరేశ్వరుని మెట్లను తాకుతుంది. నది ఆ రెండింటినీ ఏనాడూ వేరుచేయలేదు. మనుషులు వేరుచేసిన ఆ రెండు తీరాలను కలిపే బాధ్యత తరువాతి తరాలపై మిగిలి ఉంది.